అడిగి పుచ్చుకున్న కాలు

ఆ ఊళ్ళో గుర్రాలకు లాడాలు కొట్టే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మనుషుల్ని ముఖం చూసి పోల్చుకోవడం ఆయనకు చేతనయ్యేది కాదు. చూపు మందగించి కాదు. నలభై ఒక్క ఏళ్ళుగా నడుం వంచి, ప్రపంచాన్ని మోకాళ్ళ కిందినుంచే చూస్తూ వచ్చాడు మరి. ఎవరైనా ఎదురొచ్చి కుశలం అడిగితే కాసేపు తెల్లమొహం వేసేవాడు. వాళ్ళ వెనకున్న గుర్రం గిట్టల మీదికి చూపు దిగగానే మొహం విప్పారేది. "ఓహో, మీరా? కుడి వెనకకాలు ఎలా ఉంది?" అనేవాడు. అడిగింది తన కాలి గురించి కాదని తెలిసీ, ఎదుటివాడు ఒకసారి తన కాలివైపు చూసుకుని మరీ జవాబు చెప్పేవాడు.

సరుకుల బజారు వెనక, తన ఇంటి పెరటి గోడను ఆనుకున్న రేకుల షెడ్డు ఆయనది. మధ్యలో ఇనుము పెట్టి సాగగొట్టే దాగలి, మూలన కొలిమి, గోడకు వరుసగా వేలాడే లాడాలు, ఎవరూ కూర్చోని మూడుకాళ్ళ పీట ఒకటి. కాలిన గిట్టల గోరు వాసన ఆ షెడ్డుకే కాదు, ఆయన చొక్కాలకూ, దిండుకూ పట్టేసింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ఇల్లాలు ఆ వాసనకు వారం రోజులు ఏడ్చిందట. ఇప్పుడు ఏ సాయంత్రమైనా చొక్కాకు ఆ వాసన లేకపోతే, పని మానేసి ఎక్కడ కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారని నిలదీస్తుంది.

ఆ వృత్తి ఆయనకు తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. దాంతోపాటు ఒకే ఒక్క నియమం వచ్చింది. గుర్రం కాలు లాక్కోకూడదు, అడిగి పుచ్చుకోవాలి. ముందు భుజం మీద చెయ్యి వెయ్యాలి. ఆ చేతిని తీయకుండా మెల్లగా కిందికి జార్చుకుంటూ రావాలి. గిట్టకు జానెడు పైన ఆపాలి. "ఇవ్వు తల్లీ" అనాలి. తర్వాత ఆగాలి. ఎంతసేపు ఆగాలన్నది గుర్రం ఇష్టం. మిగతా లాడాలవాళ్ళు కాలికి తాడు వేసి పైకి గుంజేవారు, మరీ మొండికేస్తే పై పెదవికి తాడు చుట్టి కర్రతో మెలితిప్పేవారు. ఆ నొప్పికి గుర్రం కాలి సంగతే మర్చిపోతుందని వారి శాస్త్రం. తండ్రి మాత్రం ససేమిరా అనేవాడు. "గుర్రానికి కొమ్ముల్లేవు, కోరల్లేవు. దానికున్నదల్లా పారిపోవడం ఒక్కటే. కాలు ఇమ్మని అడగడమంటే, ఆ ఒక్కటీ నా ఒళ్ళో పెట్టమని అడగడం. అలాంటిది లాక్కుంటార్రా ఎవరైనా?" అనేవాడు.

కుర్రతనంలో ఆయన దీన్ని వృత్తిలో కిటుకు అనుకున్నాడు. నడివయసులో మంచి అలవాటు అనుకున్నాడు. అరవై దాటాక ఒకనాడు, కంచరగాడిద కాలొకటి ఒళ్ళో పెట్టుకుని ఉండగా, చేతిలో ఆకురాయి ఆగిపోయింది. తల్చుకుంటే ఒక్క తాపుతో తనను కొలిమిలోకి పంపగల జీవి మూడు కాళ్ళమీద నిలబడి, నాలుగోది తన మోకాళ్ళ మధ్య ఉంచి, కునుకు తీస్తోంది. రోజుకు ఇరవై కాళ్ళు. నలభై ఏళ్ళు. ఊళ్ళో ఎంత గొప్పవాడి ఒళ్ళోనైనా ఇంత నమ్మకం వచ్చి వాలి ఉంటుందా అని ఆయనకు తోచింది. ఆ రోజంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

మాట్లాడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మూడేళ్ళ కిందటే ఆయన చెవులు చెప్పాపెట్టకుండా కొలువు మానేశాయి.

ఇది ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల. నలుగురూ నవ్వితే తనూ నవ్వేవాడు, కాకపోతే రెండు క్షణాలు ఆలస్యంగా. ఏది అడిగినా తల ఊపేవాడు. దాంతో ఆయన చాలా సర్దుకుపోయే మనిషని ఊళ్ళో పేరొచ్చింది. కానీ లాడాలవాడికి చెవి అంటే కంసాలికి కన్ను లాంటిది. గిట్ట అంచున ఉండేది చచ్చిన గోరు. దాని లోపల, వడ్లగింజంత దూరంలో, బతికిన మాంసం. మేకు ఆ చచ్చిన గోరులోంచే ఏటవాలుగా వెళ్ళి పక్కకు తేలాలి. సరైన దారిలో పోతున్న మేకు సుత్తి దెబ్బకు ఖంగుమంటుంది. మాంసం దగ్గరికి జరిగిందంటే చప్పుడు మెత్తబడిపోతుంది. లాడాలవాడు ఆ మెత్తదనం వినగానే మేకు పీకేయాలి.

వినపడని ఖంగును ఆయన చేత్తో పట్టుకోవడం నేర్చుకున్నాడు. మంచి దెబ్బకు సుత్తి పిడి ఒకలా అదురుతుంది, చెడ్డ దెబ్బకు ఇంకోలా. మూడేళ్ళలో ఒక్క మేకూ దారి తప్పలేదు. ఈ రహస్యం తనకూ తన సుత్తికీ తప్ప మూడోకంటికి తెలియదనుకున్నాడు. ఇల్లాలు మాత్రం ఎప్పట్నుంచో, ఏదైనా చెప్పబోయే ముందు ఆయన భుజం మీద చెయ్యి వేసి, తనవైపు తిప్పుకుని, అప్పుడు చెప్పేది. వయసు మీదపడ్డాక ఆప్యాయత పెరిగిందని ఆయన సంతోషించాడు.

ఇక పంతులమ్మ సంగతి.

పంతులమ్మ ఐసు ఫ్యాక్టరీ బండి లాగే బూడిదరంగు ఆడగుర్రం. ఐసుదిమ్మలు వేయాల్సిన ముప్ఫై ఒక్క గుమ్మాలూ దానికి కంఠతా వచ్చు. ప్రతి గుమ్మం ముందూ దానంతటదే ఆగేది. బండితోలేవాడు చేపల కొట్టు దగ్గర రెండు దిమ్మలకు బదులు ఒకటే దింపి పగ్గాలు అదిలిస్తే, కదిలేది కాదు. తల వెనక్కి తిప్పి, లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసేది. రెండో దిమ్మ దిగాకే అడుగు వేసేది. ఆ పేరు అందుకే వచ్చింది. ఆ బండి తోలేది మన లాడాలాయన ఒక్కగానొక్క అల్లుడు. అతను గుర్రాన్ని తోలుతున్నాడా, గుర్రం అతన్ని తోలుతోందా అన్న విషయంలో బజారులో భిన్నాభిప్రాయాలుండేవి.

అల్లుడు చెడ్డవాడేం కాదు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే మంచమెక్కి భార్యను కేకేసే రకం. కానీ ఐసు అనేది ఎవరి మొహమాటానికీ ఆగే సరుకు కాదు. అది కరుగుతుంటే మేనేజరుకు కంగారు. మేనేజరు కంగారు అల్లుడికి భయంగా మారేది, అల్లుడి భయం కొరడాగా మారి పంతులమ్మ వీపుమీదికి వచ్చేది. అలా పైనుంచి కిందికి చేతులు మారుతూ వచ్చినదాన్ని గుర్రం మాత్రం ఇంకెవరికీ అప్పగించేది కాదు. తన దగ్గరే ఉంచుకునేది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. ఊరంతా ఐసు ఐసు అని గోల. పంతులమ్మకు లాడాలు అరిగిపోయినా షెడ్డుదాకా తీసుకొచ్చే తీరిక లేదు. మీరే ఫ్యాక్టరీకి వచ్చి కొట్టి వెళ్ళమని అల్లుడు మామగారిని బతిమాలాడు. లాడాలాయన బయటికి వెళ్ళి పనిచేయడు, అది ఆయన పద్ధతి కాదు. అయితే అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనే మామగారు ఆ వంశంలో ఇంతవరకూ పుట్టలేదు. పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్ళాడు.

ఐసు మిషను పక్కనే, సిమెంటు నేలమీద పని. ఆ మిషను తిరుగుతుంటే నేల నేలంతా సన్నగా వణుకుతుంది. ఆ వణుకు ఆయన అరికాళ్ళలోంచి మోకాళ్ళకీ, మోకాళ్ళలోంచి చేతికీ ఎక్కింది. సుత్తి పిడి ప్రతి దెబ్బకూ ఒకేలా అదిరింది. ఎడమ ముందుకాలు, లోపలివైపు, నాలుగో మేకు. కొడుతున్నప్పుడు ఆయన మనసులో ఏదో మూల చిన్న సందేహం లేవబోయింది. అవతల అల్లుడు ఎండవైపు చూస్తూ చేతులు నలుపుకుంటున్నాడు. సందేహం కూర్చుండిపోయింది. మేకు మాంసంలో దిగి ఉంటే గుర్రం అక్కడికక్కడే తన్నేది. దిగలేదు, పక్కన ఆనుకుంది. పంతులమ్మ ఒక్కసారి తల తిప్పి ఆయన్ని చూసింది, అంతే. "అయిపోయింది తల్లీ" అని ఆయన మెడ నిమిరి వచ్చేశాడు.

నాలుగోరోజున పంతులమ్మ ఆస్పత్రి మిట్ట ఎక్కుతూ సగంలో ఆగింది. ఐదోరోజూ ఆగింది. ఐసు కరిగి బండి కింద కాలవ కట్టింది. మేనేజరు లాడాలాయనను పిలిపించాడు. మెళ్ళో తువ్వాలు వేసుకుని, ఎప్పుడూ చలిలోనే కూర్చుని ఉన్నట్టు ముడుచుకునే మనిషి ఆ మేనేజరు. లాడంలో ఏమైనా తేడా ఉందా పెద్దాయనా అని మర్యాదగానే అడిగాడు. ఆ ప్రశ్నను లాడాలాయన పెదవుల కదలికలో చదివాడు. వంగి కాలు చూస్తే నిమిషం పని. కానీ పదిమంది బండివాళ్ళు చూస్తున్నారు. పైగా ఆ ప్రశ్న ఆయనను నలభై ఒక్క ఏళ్ళలో ఎవరూ అడగలేదు.

"నా చేతి మేకు ఒక్కటి పక్కకు పోయిందని ఎవరినైనా చెప్పమనండి" అన్నాడు, నిటారుగా నిలబడి.

మేనేజరు అదే నేనూ అనుకున్నానన్నాడు. కాలు బాగానే ఉందంటే బుద్ధే బాగాలేదన్నమాట. దానికి పొగరెక్కింది. ఇంకొక్కసారి ఆగితే కబేళా వ్యాను పిలిపిస్తానని అల్లుడికి తేల్చిచెప్పాడు. అలా ఆయన మంచిపేరు నిలువుటంగీ తొడుక్కుని వచ్చి, ఆ గుర్రానికి విరుద్ధంగా సాక్ష్యం చెప్పి వెళ్ళింది.

రెండురోజుల తర్వాత బొగ్గుల కోసం వెళ్తూ ఆయన ఆస్పత్రి మిట్ట దగ్గర జనాన్ని చూశాడు. మధ్యలో ఐసుబండి. ఉచిత సలహాల సంఘం అప్పటికే సమావేశమై ఉంది. తోక మెలిపెట్టమని ఒకడు, చెవి కొరకమని ఒకడు, పొట్టకింద గడ్డి అంటించమని ఇంకొకడు. పన్ను పీకించుకోవడానికి ఆస్పత్రికి వచ్చినవాడొకడు, తన నొప్పి కాసేపు పక్కన పెట్టి, కాళ్ళ మధ్య కర్రతో కొట్టమని చేత్తో చూపిస్తున్నాడు. ఇవన్నీ లాడాలాయనకు చేతులు ఊగడంగా, నోళ్ళు తెరుచుకోవడంగా మాత్రమే కనిపించాయి. అల్లుడి చెయ్యి లేచింది, పడింది. కొరడా చప్పుడు లేదు. పంతులమ్మ భుజంమీద చర్మం నీటిలా వణికింది. మళ్ళీ చెయ్యి లేచింది.

చప్పుడు ఉండి ఉంటే అందరిలాగే ఆయనా కొరడా వైపే చూసేవాడేమో. లేదు గనక ఆయన కళ్ళు తమ పాత అలవాటు ప్రకారం కిందికి దిగాయి. ఎడమ ముందుకాలు మిగతా మూడింటికంటే జానెడు ముందుకు చాచి ఉంది. గిట్ట కొస మాత్రం నేలకు ఆనీ ఆననట్టుంది. ఆ నిలబడే తీరు ఏమిటో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. నాలుగో మేకు ఆయన అరచేతిలో మళ్ళీ ఒకసారి దిగింది.

అప్పుడు పంతులమ్మ కదిలింది. చాచిన కాలు నేలమీద మోపింది, దానిమీద బరువు వేసింది, రెండోకాలు ఎత్తింది. ఆ మోపడం అంటే ఏమిటో అక్కడున్న జనంలో ఆయన ఒక్కడికే తెలుసు. గోటికీ మాంసానికీ మధ్య ఉన్న ఇనుప ముక్కమీద తన బరువూ, బండి బరువూ, ముప్ఫై దిమ్మల బరువూ వేసి నడవడం. ఒక అడుగు. ఇంకో అడుగు. వారం రోజులుగా ఇది ఇలాగే నడుస్తోంది. ఊరంతా ఇలాగే తిరిగింది.

మిట్ట పైకి వచ్చి, ఆస్పత్రి గేటు ముందు అది మళ్ళీ ఆగింది. జనం నవ్వినట్టున్నారు. అల్లుడు కొరడా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆస్పత్రికి రోజూ రెండు దిమ్మలు వేయాలి. పంతులమ్మ మొండికేసి ఆగలేదు. గుమ్మం వచ్చిందని ఆగింది. తల వెనక్కి తిప్పి, దిమ్మలు దింపమన్నట్టు అతన్ని చూసింది.

అల్లుడు తలవంచుకుని దిమ్మలు దింపాడు. లాడాలాయన బొగ్గులు కొనకుండా, నోరు విప్పకుండా, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

ఇంటికి వచ్చేసరికి కూతురు వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. పొద్దున్నే వ్యాను వస్తుందట, తన భర్త మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదని తల్లితో చెప్పి ఏడుస్తోంది. ఆమె వెళ్ళేదాకా ఆయన పెరట్లో రాయిమీద కూర్చుని మోకాళ్ళు చూసుకుంటూ ఉండిపోయాడు. ఇల్లాలు వచ్చి భుజంమీద చెయ్యి వేసింది.

"నా మేకే," అన్నాడాయన. "ఎడమ ముందుకాలు, లోపలివైపు నాలుగోది. నాకు వినపడలేదు."

"నాకు తెలుసు" అందావిడ, ఆయనకు పెదవులు కనిపించేలా నెమ్మదిగా.

"మేకు సంగతా?"

"చెవుల సంగతి. మూడేళ్ళ నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. మీకు వినపడలేదు."

ఆయన నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. ఆయన తన ఉపాయం చెప్పాడు. పొద్దున్నే వెళ్ళి, లాడం కాస్త వదులైనట్టుందని చెప్పి, ఎవరికీ తెలియకుండా ఆ మేకు పీకేస్తే సరి. గుర్రం బాగుపడుతుంది, షెడ్డు నిలబడుతుంది. చెవిటివాడి చేతికి గుర్రం కాలు ఎవరిస్తారు? చెవుడని తెలిసిన మర్నాటి నుంచీ కొలిమి వెలిగించే పనే ఉండదు.

ఆవిడ అంతా విని, చేతిలో ఉన్న బియ్యం చేట పక్కన పెట్టింది.

"మేకు తీసినంత మాత్రాన మర్నాడే నడుస్తుందా?"

"పన్నెండు రోజులు పడుతుంది. కాలు కిందపెట్టకూడదు."

"పొగరుబోతు గుర్రాన్ని పన్నెండు రోజులు కూర్చోబెట్టి మేపుతాడా ఆ మేనేజరు? కాలు బాగైనా పేరు బాగవదు కదండీ. మీ పేరు మిగలాలంటే దాని పేరు పోవాలి. పేరుతోపాటు అదీ పోతుంది."

ఆవిడ చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన మాత్రం చాలాసేపు, ఆవిడ ఇంకా ఏదో చెబుతున్నట్టే వింటూ కూర్చున్నాడు.

పొద్దున ఫ్యాక్టరీ ఆవరణలో వ్యాను వెనకపలక దించి ఉంది. పంతులమ్మ గుంజకు కట్టేసి ఉంది, ఎడమకాలు ముందుకు చాచి. మేనేజరు, వ్యానువాడు, మిషను దగ్గర పనిచేసేవాళ్ళు, లాడాల కోసం ఆయన దగ్గరికే వచ్చే బండివాళ్ళు ముగ్గురు. అల్లుడు దూరంగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. లాడాలాయన పెట్టెతో వచ్చాడు, వెనకే ఇల్లాలు. నాలుగు అడుగుల దూరంలో ఉన్న మేనేజరుకు మాత్రమే వినపడేలా, మర్యాదగా, గుట్టుగా చెప్పాలని ఆయన దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. కానీ చెవులు పోయిన మనిషికి తన గొంతు ఎంతుందో తెలియదు. ఆ గుట్టు మాట ఐసు మిషను హోరును దాటి, గేటు దాటి, రోడ్డవతల టీకొట్టు దాకా వినపడిందని తర్వాత చెప్పుకున్నారు.

"ఆ గుర్రానికి పొగరు లేదు బాబూ. దాని కాల్లో నా మేకు ఉంది. తప్పు కొట్టాను. నాకు చెవుడు."

టీకొట్టులో గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయట. అల్లుడు గోడవైపు నుంచి తిరిగాడు. ముందు మామగారిని చూశాడు, తర్వాత పంతులమ్మ వీపుమీది చారల్ని, ఆ తర్వాత తన చేతిని చూసుకున్నాడు. మేనేజరు తువ్వాలు సర్దుకుని, మాటలతో ఏముంది, మేకు తీసి చూపించమన్నాడు. నొప్పిమీదున్న గుర్రం తన్నకుండా ఉండదని వ్యానువాడు పెదవికి వేసే తాడూ కర్రా తెచ్చాడు. లాడాలాయన దాన్ని పక్కకు నెట్టేశాడు. ఇల్లాలు మేనేజరు దగ్గరికి వెళ్ళి, మిషను కాసేపు ఆపించండి, ఆయన చేతికి తెలియాలి అంది. ఆ ఎండలో ఐసు మిషను ఆపమని అడిగినవాళ్ళు ఆ ఫ్యాక్టరీ చరిత్రలో లేరు. మేనేజరు నోరు తెరిచి, ఆవిడ మొహం చూసి, నోరు మూసుకుని చెయ్యి ఊపాడు.

హోరు ఆగడం లాడాలాయనకు అరికాళ్ళలో తెలిసింది. నేల నేలలా నిలబడింది.

ఆయన పంతులమ్మ భుజం పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. చెయ్యి ఎక్కడ వెయ్యాలన్నది మొదటిసారి ఆలోచించాల్సి వచ్చింది, చారలు లేని చోటు అంత తక్కువగా ఉంది. రెండు చారల మధ్య వేశాడు. చర్మం జలదరించింది. చెయ్యి తీయలేదు. మెల్లగా కిందికి జార్చాడు. గిట్టకు జానెడు పైన ఆపాడు.

"ఇవ్వు తల్లీ" అన్నాడు.

ఆగాడు.

అడిగే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు. తన్నితే అది న్యాయమేనని కూడా తెలుసు. పక్కకు తప్పుకోకుండా, గుర్రం తన్నగలిగిన చోటే నిలబడ్డాడు. ఎండ భుజంమీదినుంచి వీపుమీదికి జరిగింది. బండివాళ్ళలో ఒకడు ఏదో అనబోతే రెండోవాడు మోచేత్తో పొడిచాడు. పంతులమ్మ తల తిప్పింది. ఆ రోజు మేకు కొడుతున్నప్పుడు చూసినట్టే చూసింది. ఆ మనిషెవరో, ఆ చెయ్యి ఎవరిదో దానికి బాగా తెలుసు. ఊళ్ళో గుమ్మాలన్నీ గుర్తున్న గుర్రం దీన్ని మర్చిపోయి ఉండదు.

బరువు కుడికాలి మీదికి మారడం ముందుగా ఆయన అరచేతికి తెలిసింది. తర్వాత ఎడమకాలు నేలనుంచి లేచింది. లేచి, వచ్చి, ఆయన మోకాళ్ళ మధ్య ఆగింది.

నలభై ఒక్క ఏళ్ళలో ఆయన ఒళ్ళోకి రెండు లక్షలకు పైగా కాళ్ళు వచ్చాయి. ఇలాంటి బరువు ఎప్పుడూ రాలేదు. పట్టుకారు అందుకోకుండా కాసేపు ఊరికే ఆ కాలు పట్టుకుని ఉన్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత ఒక్కొక్క మేకూ తీశాడు. నాలుగోది తడిగా వచ్చింది. దాని వెనకే నల్లటి చీము బొట్టు ఒకటి, ఆ వెనక ఇంకొన్ని. పంతులమ్మ పొడుగ్గా ఒక ఊపిరి వదిలింది. ఆ వేడి ఆయన మెడమీద తగిలింది.

మేకు అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. మేనేజరు దాన్ని చూసి, గుర్రాన్ని చూసి, వారం రోజులూ దీంతోనే నడిచిందా అని అడిగాడు. అందరూ చెప్పులు వేసుకున్న తమ తమ కాళ్ళవైపు చూసుకున్నారు. వ్యాను వెనకపలక ఎత్తుకుని, వచ్చినంత ఖాళీగా వెళ్ళిపోయింది.

ఆ పన్నెండు రోజులూ ఐసు ఊళ్ళోకి తోపుడుబండిమీద వెళ్ళింది. తోసింది అల్లుడు. మూడు గుమ్మాలు మర్చిపోయాడు, చేపల కొట్టుకు ఒక దిమ్మ తక్కువ వేశాడు. ఆస్పత్రి మిట్టమీద రోజూ సగంలో ఆగి, బండికి రాయి అడ్డుపెట్టి, వగర్చేవాడు. సలహాల సంఘం సభ్యులు అక్కడే ఉన్నారు గానీ, తోక మెలిపెట్టమని ఎవరూ అనలేదు. పన్ను పీకించుకున్నవాడైతే వచ్చి ఒక చెయ్యి వేశాడు. మధ్యాహ్నం ఇంటికి పోకుండా అల్లుడు నేరుగా గుర్రపుసాలకు వెళ్ళి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళ బకెట్టులో పంతులమ్మ కాలు పెట్టించి, పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఏమైనా మాట్లాడేవాడేమో తెలియదు. మూడోరోజున మామగారితో, "కొట్టినప్పుడల్లా ఇది నడిచింది మావయ్యా. నడిచింది కాబట్టి కొడితే నడుస్తుందనుకున్నాను" అన్నాడు. మామగారికి అది పూర్తిగా వినపడలేదు. కానీ అర్థమైంది. ఆ లెక్కలో తన వాటా ఎంతో ఆయనకు ఇంకా బాగా అర్థమైంది.

షెడ్డుకు వచ్చే బండివాళ్ళలో ఇద్దరు వేరే ఊరి లాడాలవాడి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన వాళ్ళను తప్పుపట్టలేదు, వాళ్ళ చోట ఉంటే తనైనా అదే చేసేవాణ్ణన్నాడు. మిగతావాళ్ళూ వెనకాడుతుంటే, వారం పాటు కొలిమి వెలగలేదు. ఎనిమిదోరోజున ఇల్లాలు వంట ముగించుకుని వచ్చి, ఎవరూ కూర్చోని ఆ మూడుకాళ్ళ పీటను దాగలి పక్కకు జరుపుకుని కూర్చుంది. మీరు కొట్టండి, నేను వింటాను అంది. నలభై ఏళ్ళుగా పెరటి గోడ అవతలినుంచి ఆ ఖంగు వింటూ వంట చేసిన మనిషి ఆవిడ. మేకు దారి తప్పితే చెయ్యి భుజంమీద పడేది. ఆయన ఆపి, పీకి, మళ్ళీ కొట్టేవాడు. ముసలిదంపతులు ఇద్దరూ కలిస్తే ఒక లాడాలవాడు అవుతాడని బజారులో నవ్వుకున్నారు. ఇది నిజమే గనక వీళ్ళూ నవ్వారు, ఆయన రెండు క్షణాలు ఆలస్యంగా. వెళ్ళిన ఇద్దరిలో ఒకడు తిరిగి వచ్చాడు.

నెలన్నర తర్వాత పంతులమ్మను కొత్త లాడాలకు షెడ్డుకే తీసుకొచ్చారు. ఎండలు ఎలా ఉన్నా, ఐసు ఏమైపోయినా, ఫ్యాక్టరీలో లాడాలు కొట్టించకూడదని మేనేజరే అన్నాడట. అల్లుడి చేతిలో పగ్గాలున్నాయి, ఇంకేం లేదు. ఇల్లాలు పీటమీద సర్దుకుంది. లాడాలాయన చేతులు తుడుచుకుని, భుజంమీద వేద్దామని ఎడమవైపుకు నడిచాడు.

చెయ్యి ఇంకా భుజందాకా వెళ్ళనేలేదు. పంతులమ్మ ఎడమ ముందుకాలు ఎత్తి ఉంచింది.

తండ్రి నేర్పిన పాఠంలో ఈ భాగం లేదు. అడగడం నేర్పాడు, ఆగడం నేర్పాడు. అడగకుండానే ఇస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆయన గాల్లో చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు. వెనకనుంచి ఇల్లాలు ఏదో అంది. ఏమన్నదో ఆయన తిరిగి అడగలేదు. నడుం వంచి, రెండు చేతులూ చాచి, ఆ కాలు అందుకున్నాడు.